తడికాళ్లు

ఆ మూడో అంతస్తు వాటాకి మంచి పేరు లేదు. అద్దె తక్కువే. గాలీ వెలుతురూ బాగానే వస్తాయి, కుళాయిలో నీళ్లు ఆగవు. అయినా ఎవరూ ఏడాది దాటి ఉండరు. ఖాళీ చేసినవాళ్లు మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడరు — అని ఆ వీధిలో చెప్పుకుంటారు. చూసినవాళ్లు చెప్పిందే ఇది, కల్పించింది కాదు.

దానికంతటికీ కారణం ఆ ఇంటి తివాచీ.

గోడ నుంచి గోడ దాకా నేలకి అంటించేసిన బూడిదరంగు తివాచీ. దాని మీద అడుగులు తేలతాయి. కడిగితే పోతాయి... నెల తిరిగేసరికి మళ్లీ వస్తాయి, ఇదివరకటికంటే నల్లగా. పడకగదిలో మొదలై, ముందుగది దాటి, పక్కవాటాలో ఉండే ఇంటావిడ గదికి వెళ్లే తలుపు దగ్గర ఆగిపోతాయి. వేళ్లు తలుపు వైపే. వెనక్కి తిరిగిన అడుగు ఒక్కటి లేదు.

ఎడమకాలికి నాలుగు వేళ్లే. చిటికెనవేలు లేదు.

ఇవేవీ తెలియకుండానే నీళ్లక్క ఆ ఇంట్లో దిగింది. ఆస్పత్రి లాండ్రీలో బట్టలు జాడించే తొట్టి దగ్గర ఆవిడ పని. పన్నెండేళ్లుగా నీళ్లలోనే కాళ్లు, నీళ్లలోనే చేతులు. అందుకే ఆ పేరు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా కసిరితే తల వంచి తన కాళ్లవైపు చూసుకుంటూ నిలబడుతుంది, అంతే.

అడుగులు తేలితే భర్త చెప్పుల మరకలనుకుంది. మంచాన్ని జరిపి కొన్ని, చాప పరిచి కొన్ని కప్పేసింది.

పది నెలలు గడిచాక భర్త బస్సు దిగుతూ పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లాలంటే ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మొయ్యాలి. అదృష్టం బాగుండి లాండ్రీ వెనకాలే కింద రెండు గదులు దొరికాయి. మెట్టు అన్నది లేదు. కానీ ఆ కొత్త ఇంటాయన ఒక షరతు పెట్టాడు. పాత ఇల్లు శుభ్రంగా అప్పగించినట్టు అక్కడివాళ్ల చేత కాగితం రాయించుకురావాలి. రేపు మధ్యాహ్నం లోపల. లేకపోతే ఇంకొకళ్లు కాచుకుని ఉన్నారు.

వెళ్లి అడిగితే ఇంటావిడ నడుముకున్న తాళాలగుత్తి సవరించుకుంది.

"తివాచీ నువ్వే కడగాలమ్మా. ఈ ఇంట్లో ఎవరు ఖాళీ చేసినా వాళ్లే కడుక్కుంటారు. పొద్దున ఎనిమిదింటికి చూస్తా. ఒక్క మరక కనబడినా కాగితం లేదు."

ఆ మాట లాండ్రీలో చెబితే ఇస్త్రీ బాబాయ్ చేతిలో పెట్టె పక్కన పెట్టేశాడు.

"ఆ వాటాలోనా నువ్వుండేది? ఇన్నాళ్లూ చెప్పవేం అమ్మాయ్? అవున్లే, నువ్వు నోరు విప్పితే కదా."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు నిలబడే తొట్టి దగ్గర నీకు ముందు ఒక పెద్దమ్మ ఉండేది. బరువైన మూత పడి ఎడమకాలి చిటికెనవేలు పోయింది పాపం. ఆవిడా ఆ వాటాలోనే ఉండేది. ఖాళీ చెయ్యమని, తివాచీ కడిగి పొమ్మని అందిట మీ ఇంటావిడ. ఒళ్లు కాలిపోయే జ్వరం... పగలంతా సబ్బునీళ్లలో మోకాళ్ల మీద. రాత్రి గుండెల్లో నొప్పొచ్చింది. ఆ తడికాళ్లతోనే నడిచి వెళ్లి తలుపు కొట్టింది."

"తీసిందా?"

"లోపల్నించే అందిట — తడికాళ్లతో నా గదిలోకి రాకు, పొద్దున చూద్దాం అని. కింది వాటావాళ్లు విన్నారు." బాబాయ్ తొట్టి కేసి చూశాడు. "పొద్దున తీస్తే... తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆడపడుచు సాయానికి వచ్చింది. రొట్టెల బట్టీలో పనిచేస్తుంది, నోరు ఊరుకోదు. సామానంతా అప్పటికే ఆవిడ ఇంటికి చేరింది, మంచంతో సహా, నీళ్లక్క మొగుడితో సహా. మంచమూ చాపా తీసేసరికి అడుగులన్నీ బయటపడ్డాయి. కొత్తగా ఇప్పుడే ఎవరో నడిచివెళ్లినట్టు.

"ఈ తివాచీ కడిగేకన్నా మా అన్నయ్యని కడిగి ఆరేసుకోవడం తేలిక వదినా."

"ఆయన ఆరరమ్మా. నానుతూనే ఉంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అదే ఆ రాత్రి ఆఖరి నవ్వు.

నీళ్లక్క ఒక బకెట్‌లో సబ్బుపొడి కలిపింది. ముందు మట్టి నానాలి కదా అని, ఉత్త నీళ్లు చల్లి బ్రష్‌తో రుద్దింది.

నురగ వచ్చింది.

తివాచీ అంతటా కాదు... అడుగుల్లోనే. మడమ, అరికాలు, వేళ్లు — ఒక్కొక్క అడుగూ తెల్లగా నురగ కక్కింది. సబ్బు ఇంకా బకెట్‌లోనే ఉంది.

ఆడపడుచు గోడకి అంటుకుపోయింది. "వదినా... పోదాం పద. కాగితమూ వద్దు, పాడూ వద్దు."

నీళ్లక్క కదల్లేదు. వేలితో నురగ తీసి రాసుకుంది. జారుతోంది. వాసన చూసింది. పన్నెండేళ్లుగా ఎరిగిన వాసనే.

"ఇది జాడించని సబ్బు పిల్లా. ఆవిడ సబ్బుకాళ్లతో నడిచింది. ఆ సబ్బు లోపలే ఉండిపోయింది. జిగురుకి దుమ్ము అంటుకుంటుంది, నల్లబడుతుంది. వచ్చినవాళ్లందరూ దాని మీద ఇంకాస్త సబ్బు పోసి రుద్దారు. మేకని పెంచినట్టు పెంచారు."

"అయితే దెయ్యం లేదా?"

"ఏమో. ముందు జాడిద్దాం."

కలిపిన సబ్బు బకెట్ తలుపు పక్కకి నెట్టేసింది. నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి అడుగు మీద పోయడం, పాత తువ్వాలు పరిచి ఎక్కి తొక్కడం, పిండడం, మళ్లీ పోయడం. నురగ ఆగేదాకా. ఒక్కో అడుగుకి పదిసార్లు. అన్నయ్యకి మందు వెయ్యాలని ఆడపడుచు పదింటికే వెళ్లిపోయింది.

ఆఖరి అడుగు తలుపు దగ్గరది. అది ఎడమకాలు.

తువ్వాలు పరిచింది. ఎక్కబోయి... ఆగిపోయింది. తువ్వాలు తనంతట తనే నొక్కుకుపోతోంది. మడమ, అరికాలు... నాలుగు వేళ్లు. వాటి చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి.

చెవి పక్కన ఎవరో ఊపిరి తీశారు.

"నన్నూ... జాడించేస్తావా?"

నీళ్లక్క తల వంచి ఆ తువ్వాలుతోనే మాట్లాడింది. "నాకు కాగితం కావాలి పెద్దమ్మా. ఆయన మెట్లెక్కలేరు. నువ్వు ఎటు వెళ్లాలో అటు వెళ్లు."

చాలాసేపటికి వినబడింది.

"తలుపు... తియ్యదు."

తెల్లారేసరికి తివాచీ మీద ఒక్క మరక లేదు. తొలినాటి బూడిదరంగులో పిల్లి వీపులా ఉంది. ఎనిమిదింటికి ఇంటావిడ మధ్యతలుపు తీసుకుని వచ్చింది. వంగి చూసింది, వేలితో గీకింది, మూలలు వెతికింది. ఏమీ దొరక్క ముక్కు ఎగబీల్చింది.

"తడి వాసన వస్తోంది. మూడు రోజులు ఆరనీ, అప్పుడు రాస్తా."

"మధ్యాహ్నానికే కావాలండీ. ఆయన మెట్లు..."

"ఎక్కలేకపోతే కింద వీధిలో కూర్చోమను. నేనేం విరగ్గొట్టానా కాలు? తాళంచెవులు నా గదిలో మంచం పక్క బల్ల మీద పెట్టి పో. చెప్పులు విప్పి వెళ్లు, అది కొత్త తివాచీ."

అని కుళాయిలు కారుతున్నాయేమో చూడ్డానికి లోపలికి వెళ్లింది.

నీళ్లక్క అలవాటుగా తల వంచి కాళ్లవైపు చూసుకుంది. కాళ్ల పక్కన రాత్రి కలిపిన సబ్బు బకెట్. వాడనే లేదు. చిక్కగా ఉంది.

చెప్పులు విప్పింది. కుడికాలు ముంచింది... ఎడమకాలు ముంచింది.

మధ్యతలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. వెనకనుంచి చల్లగా ఏదో తగిలింది, ఇరుకు సందులో దారి ఇమ్మన్నట్టు. నీళ్లక్క తలుపు పట్టుకుని కాస్త ఒదిగి నిలబడింది. తర్వాత తానూ అడుగులో అడుగు వేసుకుంటూ, నొక్కి నొక్కి నడిచి మంచం దాకా వెళ్లి, తాళాలు పెట్టి, అలాగే నడిచి తిరిగొచ్చింది.

"ఏంటమ్మా ఆ తడి?" అంది ఇంటావిడ ఎదురొస్తూ.

"పొద్దున్నించీ నీళ్లలోనే ఉన్నా కదండీ. శుభ్రమైన నీళ్లే. ఆరితే కనబడవు."

అబద్ధమాడటం ఆవిడకి అదే మొదలు.

లాండ్రీ వెనకాల ఇల్లు చెయ్యిజారిపోయింది. ఆడపడుచు ముందుగదిలోనే సర్దుకున్నారు. నలభై రోజులయ్యాక ఇస్త్రీ బాబాయ్ తొట్టి దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న మీ ఇంటావిడ పరదాలు ఇస్త్రీ చేసి పట్టుకెళ్లా. ఆవిడ గదిలో అడుగులు తేలాయి అమ్మాయ్. ఎంత సబ్బేసి తోమించినా నల్లబడుతున్నాయిట."

నీళ్లక్క తొట్టిలోకి వంగి నవ్వింది. అంతలా ఆవిడ నవ్వడం లాండ్రీలో ఎవరూ చూడలేదు.

"అవి నా కాళ్లు బాబాయ్. సబ్బులో ముంచి నడిచా. నా మొగుడి మోకాలికి బదులు."

బాబాయ్ నవ్వలేదు. నీళ్లలో ఉన్న ఆవిడ కాళ్లవైపే చూస్తున్నాడు.

"నువ్వు వెళ్లి వచ్చావు కదా? అక్కడ వెళ్లినవే ఉన్నాయి... వచ్చినవి లేవు."

నీళ్లక్క చేతిలో దుప్పటి జారిపోయింది.

"ఎడమకాలికి నాలుగు వేళ్లే ఉన్నాయి."

నీళ్లు తేటగా ఉన్నాయి. ఎడమకాలి వేళ్లు కనబడుతూనే ఉన్నాయి. లెక్కపెట్టుకుంది. ఐదు.

"ఇంటావిడ... ఎక్కడ పడుకుంటోంది బాబాయ్?"

"అక్కడే. రాత్రి తలుపు తెరుచుకోదుట. తాళాలగుత్తి నడుముకే ఉంటుంది, ఏ తాళమూ పట్టదుట. లోపల్నించి బాదుతుందిట, తలుపు తియ్యండీ, తియ్యండీ అని."

"కింది వాటావాళ్లకి వినబడదా?"

"వినబడుతుంది." బాబాయ్ ఇస్త్రీపెట్టె కేసి నడిచాడు. "పొద్దున చూద్దాంలే అనుకుని పడుకుంటున్నారు."