ఖాళీ ఐసు బాక్సు

చోడవరంలో చెరుకు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లు. మార్చి ఉక్క. గాలిలో చక్కెర మిల్లు మొలాసిస్ వాసన. రెజీనా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్న యానిమేషన్‌కి వైజాగ్‌లో ఒక స్టూడియో పరీక్ష పెట్టింది. రాత్రి తొమ్మిదిలోగా వీడియో పంపితే ఉద్యోగం. లేకపోతే లేదు.

బొమ్మలన్నీ కలిపి వీడియోగా మార్చే రెండర్ సగానికొచ్చేసరికి ప్రాసెసర్ సలసలా కాగిపోయి, లోపలి ఫ్యాను హోరెత్తి, ల్యాప్‌టాప్ ఠపీమని ఆరిపోతోంది. ఇప్పటికి రెండుసార్లు. కింద ఇటుక ముక్కలు పెట్టింది. టేబుల్ ఫ్యాను తిప్పింది. బ్రష్షుతో దుమ్ము దులిపింది. ఊహూఁ.

అప్పుడు వరండా వైపు చూసింది. అక్కడ నాన్న సత్యరాజు అద్దెకిచ్చే ఐసు బాక్సు ఉంది. చావింట శవాన్ని పడుకోబెట్టే అద్దం మూత పెట్టె.

"ఏటే ఆ సూపు? వొద్దు," అంది జ్ఞానమ్మ మామ్మ, వరండా కుర్చీలోంచి. "ఖాళీ బాక్సు ఆన్ సెయ్యకూడదని మీ నాన్న ఎన్నిసార్లు సెప్పేడు? లోపల సల్లబడితే అది మనిషి కోసం ఎదురుసూస్తాదంట."

"ఖాళీ ఏటి మామ్మా? నా ల్యాప్‌టాప్ పడుకుంటాది కదా. నువ్వు పాటెత్తుకో, సాగనంపుదాం."

"నీ నోరు మండ!" మామ్మకి నవ్వాగలేదు.

రెజీనా రెండర్ మళ్ళీ మొదలెట్టి, ల్యాప్‌టాప్‌ని బాక్సులో పెట్టి, చార్జర్ వైరు మూత సందులోంచి లాగి, స్విచ్చి వేసింది. బాక్సు గురగురమంది. అద్దంలోంచి చూస్తే తెర మీద ప్రాసెసర్ వేడి చూపించే అంకె దిగుతోంది. తొంభై ఎనిమిది... ఎనభై... అరవై. రెండర్ సగం దాటింది. ఆగలేదు!

ముప్పై ఏడు దగ్గర అంకె నిలబడిపోయింది.

చుట్టూ మంచు పేరుకుంటోంది. ప్రాసెసర్ మీద భారం తగ్గలేదు. అంకె మాత్రం పెరగదు, తరగదు. జ్వరం లేని మనిషి ఒంటి వేడి, అనుకుంది.

"ఒసే గుంటా... సలేస్తందే."

"ఈ ఉక్కలోనా? దుప్పటి కప్పుకో." వెనక్కి తిరగలేదు రెజీనా.

"కప్పుకున్నానే... కాళ్ళు కొయ్యలైపోతన్నాయి... ఆపెయ్యే..."

తొంభై రెండు శాతం. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటి నుంచీ. అంత టైము లేదు. స్విచ్చి మీద వేలు పెట్టింది... తీసేసింది.

"ఒక్క నిమిషం మామ్మా... అయిపోతంది."

మామ్మ మళ్ళీ అడగలేదు.

వంద. ముందే సెట్ చేసి పెట్టినట్టు, ఫైలు దానంతటదే స్టూడియోకి వెళ్ళిపోయింది.

రెజీనా స్విచ్చి కట్టేసి మూత ఎత్తింది. ల్యాప్‌టాప్ ఇనప ముక్కలా చల్లగా తగిలింది. అడుగు రేకంతా తెల్లటి మంచు. నడుమ మాత్రం లేదు. తల... భుజాలు... ముడుచుకున్న కాళ్ళు... మామ్మంత పొట్టి మనిషి పక్కకి తిరిగి పడుకున్నంత మేర పొడిగా ఉంది. వేలితో తాకింది.

వెచ్చగా ఉంది.

"మామ్మా!"

మామ్మ కుర్చీలోనే ఉంది. దుప్పటి కిందికి జారిపోయింది. రెజీనాని చూసి మెల్లిగా నవ్వింది.

"ఇప్పుడు బాగుందే. సలి పోయింది."

ఆ మాటతో పాటు, అంత ఉక్కలో, ఆమె నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది.