కమిలిన చోటు

పొద్దున కాఫీ తాగడం అయిందంటే మనీష్‌కి కింద ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఒకరోజు ఖుబ్జ్ రొట్టెలు తేవాలి, ఒకరోజు కారు అద్దాల మీది దుమ్ము తుడవాలి, ఇంకోరోజు ఆఫీసు నుంచి ఫోను. పడగ్గదిలో అపూర్వ అల్మారా తెరిచిన చప్పుడు వినపడగానే అతని చెయ్యి కారు తాళాల మీదికి పోయేది. "ఇప్పుడే వస్తానమ్మా" అని వంటింట్లో ఉన్న తల్లికి వినపడేలా అనేసి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగేసేవాడు.

ఉద్యోగానికని వచ్చిన అరబ్బు దేశంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో వాళ్ళుండే బిల్డింగు పాతది. పార్కింగ్‌లో నీడ తక్కువ. అంత పొద్దున్నే ఎండ పెళ్ళున కాస్తుంటే కారులో ఏసీ వేసుకుని ఫోను చూస్తూ కూర్చునేవాడు. ఆ రోజు కింది వాటాలో ఉండే గజేందర్ డ్యూటీకి వెళ్తూ అద్దం మీద తట్టాడు.

"ఏంది అన్నా, రోజు గిదే యాళకు కార్లనే కూసుంటవ్? యాడికన్న పోతవా అంటే పోవు."

"ఇంట్లో నెట్ సరిగ్గా రావడం లేదు గజేందర్. ఆఫీస్ కాల్స్."

"గట్లనా? మా ఇంట్ల మంచిగనే వస్తుంది. గీ ఎండల ఎందుకు, వచ్చి కూసో."

"పర్లేదు" అని మనీష్ నవ్వాడు. గజేందర్ వెళ్ళిపోయాక ఆ నవ్వు ముఖం మీద ఉండలేక పోయింది.

అపూర్వకి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రక్తం తేలిగ్గా గడ్డకట్టే స్వభావం ఉందని పరీక్షల్లో తేలింది. ఈసారి నెల తప్పగానే, రక్తం పల్చబడే ఇంజెక్షన్ రోజూ పొట్ట మీద తీసుకోవాలని, కాన్పు అయ్యాక కూడా కొంతకాలం తప్పదని డాక్టరు చెప్పింది. ఎలా వేసుకోవాలో ఆస్పత్రిలో ఇద్దరికీ చూపించారు. "నువ్వు కళ్ళు మూసుకుని కూర్చో, నేను చూసుకుంటాను" అని ఇంటికొచ్చిన మొదటి రోజు మనీష్ గొప్పగా అన్నాడు. తీరా సూది చర్మంలోకి దిగుతుంటే అతనే కళ్ళు మూసుకున్నాడు. మందు సగం లోపలికి వెళ్ళేసరికి అపూర్వ "అమ్మా" అంది. అతను కంగారుగా లాగేశాడు. చుక్క రక్తం కనపడింది. అంతే, ఒళ్ళంతా చెమటలు పట్టి స్నానాల గది గోడకి చేరబడిపోయాడు. ఆమే లేచి అతనికి మంచినీళ్ళు తెచ్చింది. మర్నాటికి ఆ చోటు నేరేడుపండు రంగులో కమిలింది.

"ఇకనుంచి నేనే వేసుకుంటాలే" అంది అపూర్వ.

ఆ మాట విన్నప్పుడు తన గుండె ఎంత తేలికపడిందో తల్చుకుంటే మనీష్‌కి ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

అయిదో నెల వచ్చాక కోడలికి సాయంగా ఉందామని కాకినాడ నుంచి తల్లి అనంతలక్ష్మి వచ్చింది. ఇంజెక్షన్ల సంగతి అమ్మకి చెప్పొద్దని పట్టుబట్టింది మనీషే. కంగారుపడుతుందనీ, బంధువులందరికీ ఫోన్లు చేసి చెబుతుందనీ అన్నాడు. అసలు కారణం వేరు. తెలిస్తే అమ్మ అడిగే మొదటి ప్రశ్న, "ఎవరు వేస్తున్నారు?" అనే. తను వెయ్యడం లేదని అప్పుడు ఒప్పుకోవాలి. అపూర్వ తలూపింది. ఆ రోజు నుంచి సూదులు అల్మారాలో దాచి, స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని వేసుకోవడం మొదలుపెట్టింది.

శుక్రవారం అనంతలక్ష్మి ఇంట్లో చిన్న వేడుక పెట్టింది. అపూర్వ తల్లి మోకాలి ఆపరేషన్ వల్ల విజయవాడ నుంచి కదల్లేకపోయింది. "పుట్టింటివాళ్ళు పెట్టే చలిమిడి ఈసారి నేనే పెడతాను. అత్తనైతే మాత్రం అమ్మని కాకూడదా?" అని తెల్లవారకముందే లేచి బెల్లం పాకం పట్టింది. పై వాటా విజయరాణి గాజులు తెచ్చింది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు హాల్లో కూర్చున్నారు. కోడలికి తనే చీర కడతానని అనంతలక్ష్మి గదిలోకి వెళ్ళింది.

ఆమె బయటికి వచ్చినప్పుడు మనీష్ ట్రేలో శీతల పానీయాలు సర్దుతున్నాడు. అమ్మ ముఖం చూసి, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. "ఏమైందమ్మా?" అంటే వినపడనట్టే పక్కనుంచి వెళ్ళిపోయింది. చలిమిడి పెట్టింది, గాజులు తొడిగించింది, పాట అందుకుంది. వచ్చినవాళ్ళందరితో నవ్వుతూనే మాట్లాడింది. కొడుకు అందించిన గ్లాసు మాత్రం అందుకోలేదు.

అందరూ వెళ్ళి తలుపు మూసుకున్నాక, "ఇలా రా" అంది.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"దాని మీద చెయ్యి చేసుకుంటున్నావా?"

మనీష్‌కి ముందు అర్థం కాలేదు. "ఎవరి మీద?"

"నాటకాలాడకురా. చీర కడుతూ చూశాను. పొట్ట చుట్టూ ఎక్కడ చూసినా కమిలిపోయి ఉంది. కొన్ని నల్లగా, కొన్ని పచ్చబడి. అంటే ఇది నిన్నా మొన్నటిది కాదు. ఏంటమ్మా ఇదీ అంటే బల్ల తగిలిందంది."

"అమ్మా, నువ్వేమనుకుంటున్నావో..."

"బల్ల తగిలిందని నేనూ చెప్పేదాన్నిరా!" అని అరిచింది అనంతలక్ష్మి. "మోచేతుల దాకా చేతులున్న రవికలు ఎండాకాలంలో కూడా ఎందుకు వేసుకునేదాన్నో నీకు తెలుసా? మీ నాన్న కాలేజీలో పాఠం చెబితే పిల్లలు చెవులు రిక్కించి వినేవాళ్ళు. ఇంట్లో ఆయన గొంతు ఎలా ఉండేదో నాకొక్కదానికే తెలుసు. నువ్వు చిన్నవాడివని నీ కంట పడనివ్వలేదు. నా కొడుక్కైనా ఆ బుద్ధి రాకూడదని ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో! ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లని..."

మనీష్ కుర్చీ పట్టుకున్నాడు. నాన్న వేణుగోపాలరావు పోయి చాలా ఏళ్ళయింది. హాల్లో దండ వేసిన ఫోటో, సంవత్సరీకానికి వచ్చి పొగిడే శిష్యులు, అతనికి తెలిసిన నాన్న అదే. అమ్మ ఇన్నేళ్ళూ ఒక్క మాట బయటపెట్టలేదు.

గుమ్మంలో గాజుల చప్పుడైంది. అపూర్వ నిలబడి ఉంది. చేతిలో, వాడేసిన సూదులు వేసే పసుపు ప్లాస్టిక్ డబ్బా.

"ఆయన నన్ను కొట్టలేదు అత్తయ్యా. ఇవన్నీ ఇంజెక్షన్లవి. బిడ్డ నిలవాలంటే రోజూ వేసుకోవాలన్నారు. రక్తం పల్చబడే మందు కదా, సూది గుచ్చిన చోటల్లా కములుతుంది. మొదట్లో తెలియక, నొప్పికి రుద్దేదాన్ని, ఇంకా ఎక్కువ కమిలేది. మీరు భయపడతారని చెప్పలేదు."

అనంతలక్ష్మి డబ్బా అందుకుంది. దాదాపు నిండిపోయి ఉంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని కోడలి తల నిమిరింది. "నా తల్లీ, ఇన్నిసార్లు పొడుచుకున్నావా!" తరువాత ఏదో తోచినట్టు ఆగింది. "మరి ఇవి వేసేది ఎవరు?"

"నేనే."

"వీడు?"

అపూర్వ నేల చూసింది. భర్తను కాపాడ్డానికి ఏదో అబద్ధం వెతుక్కుంటోందని మనీష్‌కి తెలిసిపోయింది. తన కోసం ఆమె ఇంకో అబద్ధం ఆడితే ఇక బతకలేననిపించింది.

"నేను కిందికి వెళ్ళిపోతానమ్మా" అన్నాడు. "రోజూ. పాలకనీ, ఖుబ్జ్‌కనీ నీకు చెప్పేవన్నీ అబద్ధాలే. సూది చూడలేక కారులో కూర్చుంటాను. అపూర్వ వేసుకోవడం అయిపోయి ఉంటుందనుకున్నాక పైకి వస్తాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. అనంతలక్ష్మి చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టింది.

"మీ నాన్న కొట్టి బయటికి వెళ్ళిపోయేవారు" అంది మెల్లగా. "నువ్వు కొట్టకుండానే వెళ్ళిపోతున్నావు. లోపల మిగిలేది మాత్రం ఆడదే."

మనీష్ ముఖం చేతుల్లో దాచుకుని కూర్చుండిపోయాడు. మంచి భర్తనని నలుగురిలో గర్వంగా చెప్పుకునే మనిషి అతను. గొంతు పెంచడు, చెయ్యి ఎత్తడు, వంటకి సాయం చేస్తాడు. అవన్నీ చాలుననుకున్నాడు.

ఆ సాయంత్రం అపూర్వ మంచం మీద ఒరిగి ఉంటే వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఒకసారి చూపించు" అన్నాడు.

"ఎందుకు? మళ్ళీ కళ్ళు తిరుగుతాయి నీకు."

"తిరగనీ."

ఆమె నైటీ పక్కకి జరిపింది. ఇన్ని నెలలుగా అతను దీపం ఆర్పాకే ఆ పొట్ట మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు వెలుతుర్లో చూశాడు. ఎడమవైపు మచ్చలు చిన్నవి. కుడివైపు అరచేతంత మేర ఊదారంగు, దాని అంచుల్లో ఆకుపచ్చ, ఒకచోట కింద గట్టిగా ఉండకట్టి ఉంది.

"ఇటువైపెందుకు ఇంత ఎక్కువగా ఉంది?"

"రోజూ ఒకేవైపు వెయ్యకూడదు కదా, మార్చుకోవాలి. పొట్ట పెరిగాక ఇటువైపు నా చెయ్యి సరిగ్గా తిరగడం లేదు. సూది వంకరగా దిగుతుంది."

ఇంకో మనిషి చెయ్యి ఉంటే అది తిన్నగా దిగేది. ఆ మాట ఆమె అనలేదు. మనీష్‌కి కన్నీళ్ళు ఆగలేదు.

"నేను వెళ్ళిపోతుంటే ఒక్కసారైనా ఆపలేదేం, అపూర్వా? ఒక్క తిట్టు తిట్టలేదేం?"

"ముందర కోపం వచ్చేది" అంది. "తరువాత తరువాత, నువ్వు వెళ్ళిన చప్పుడు వినపడేదాకా నేనే ఆగేదాన్ని. మందు మంట పెడుతుంది. నువ్వుంటే అరవకూడదు, నువ్వు భయపడతావు. నువ్వు లేకపోతే కనీసం ఏడవచ్చు. అత్తయ్య వచ్చాక అదీ లేదు, కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని."

మనీష్ ఆమె పాదాల మీద తల పెట్టేశాడు. ఆమె వారించలేదు. వెంటనే దగ్గరికీ తీసుకోలేదు. "నాకింకా కోపంగానే ఉంది" అంది చివరికి, అతని జుట్టులో వేళ్ళు పెడుతూ.

మర్నాడు కాఫీ అయ్యాక అల్మారా చప్పుడు వినపడింది. మనీష్ చెయ్యి అలవాటుగా కారు తాళాల వైపు కదిలింది. దాన్ని ఒళ్ళోనే గట్టిగా పట్టుకుని, లేచి గదిలోకి నడిచాడు. అనంతలక్ష్మి పల్చని గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి కోడలికిచ్చి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఇవాళ కుడివైపు" అంది అపూర్వ.

"చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తాను."

ఐసు పెట్టిన చోటు మొద్దుబారాక ఆమె ఒక్కొక్కటే చెప్పింది. కమిలిన చోటు వదిలెయ్యమంది. బొడ్డుకి దూరంగా, పక్కకి జరగమంది. స్పిరిట్ ఆరనివ్వాలి, లేకపోతే మండుతుంది. చర్మం మడతపట్టి సూది నిటారుగా దించాలి, మందు నెమ్మదిగా ఎక్కించాలి, అయ్యేదాకా మడత వదలకూడదు. తీశాక రుద్దకూడదు. ఇవన్నీ ఆస్పత్రిలో తనూ విన్నవే. ఆమె మాత్రం వాటితో ఒంటరిగా బతికింది.

సూది దిగింది. మనీష్ వీపు మీద చెమట కారింది, చెవుల్లో హోరు మొదలైంది. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు కాబట్టి పడిపోయే చోటు కూడా లేదు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నొక్కాడు.

"అబ్బా!" అపూర్వ గట్టిగా అరిచింది. అతని భుజంలో గోళ్ళు దిగాయి. "మండుతోంది మనీష్, చాలా మండుతోంది!"

"ఆపనా?"

"ఆపకు." ఆమె ఏడుస్తోంది. కుళాయి కట్టేసి ఉంది. "నువ్వు కదలకు. ఇక్కడే ఉండు."

"ఇక్కడే ఉన్నాను" అన్నాడు అతను, మడత వదలకుండా.