నాలుగో ఇంజెక్టర్

అక్కను చూస్తే తనకు అసహ్యమని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. బావను తిట్టడం అందరికీ తెలిసిందే. కానీ ఏరికోరి అలాంటివాణ్ణి కట్టుకున్న అక్కంటేనే అసలు చులకన. అందుకే ఏడాదిగా ఫోన్ చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం బావే ఆమె కార్ల రిపేరు షెడ్డుకి వచ్చాడు, డొక్కు కారేసుకుని. బండి దగ్గుతోందట, పెట్రోలు కంపట. "వీడియోలు చూసి నేర్చిన పనేగా మరదలా, ఉన్నది ఊడగొట్టకు," అని కుర్చీలో చేరగిలబడి, తాళాలగుత్తి వేలికి తిప్పుతూ కూర్చున్నాడు. అక్క ఇంట్లో పడుకుందట. గుత్తిలో వీధితలుపు కప్ప తాళంచెవి కనబడుతూనే ఉంది. పెళ్లాన్ని లోపలుంచి బయట తాళమేసుకొచ్చే ఘనుడు. పడి ఉండనీ, కోరి తెచ్చుకుందిగా అనుకుంది.

ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ ఊడదీసింది. మొనల మీద మసి మాడుగిన్నె అడుగులా గట్టిపడింది. మెషిన్లో కడిగి, గాజుగొట్టాల మీద పెట్టి చూసింది. మూడు పొగమంచులా చిమ్మాయి. నాలుగోది చీమిడిముక్కులా కారింది. అచ్చం యజమానిలాగే. మళ్లీ కడిగి, బిగించి, ఇంజను స్టార్ట్ చేసింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఒక్కోదానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. మూడూ టిక్కుటిక్కుమంటున్నాయి. నాలుగోది మూగది.

విసుక్కుంటూ ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసేసింది. అలవాటుగా నాలుగోదానికి మరోసారి ఆనించింది.

ట... ట ట.

చిన్నప్పుడు అక్కను గదిలో పెట్టి నాన్న గడియ వేస్తే, లోపలినుంచి ఇలాగే కొట్టేది. తను వెళ్లి తీసేది.

ఇనుము చల్లారుతోందిలే, అనుకుని దాన్ని ఊడబెరికింది. వైరు లేదు. పెట్రోలు లేదు. అయినా అరచేతిలో అదిరింది.

ట... ట ట.

పెట్రోలు కంపు పోయింది. మూసిన గది ముక్కవాసన. చెవి దగ్గర సన్నగా...

"పొట్టీ... గడియ తియ్యవే."

ఆ పేరుతో పిలిచేది అక్కొక్కతే.

"ఏం, చేతకాలేదా?" బావ నవ్వాడు.

"అక్క ఎప్పట్నుంచి పడుకుంది బావా?"

వేలి మీద గుత్తి ఆగింది. "మొన్నట్నుంచి. ఏం?"

ఆగిన ఇంజనులో, కరెంటు లేని మిగతా మూడూ మొదలెట్టాయి. మూడూ మూడు రకాలుగా, మూసిన తలుపుల వెనకనుంచి ఎవరో కొడుతున్నట్టు. ఎవరి దెబ్బలో ఆమెకు తెలియదు.

మసిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది. అక్క నంబరు ఫోన్లోంచి ఎప్పుడో చెరిపేసింది, వేళ్లు మాత్రం మరవలేదు.

అక్క ఎత్తుతుందో లేదో. చేసి తీరాలి.