ఇరవై గింజల పరీక్ష

విత్తన పరీక్షశాల కౌంటర్ దగ్గర వాళ్లిద్దరికీ మొదటి మాటలోనే చెడింది. మాస్టారు తెచ్చిన సీసాలో ఇరవై చిక్కుడు గింజలే ఉన్నాయి. పరీక్షకు నాలుగు వందల గింజలు కావాలంది కౌంటర్లో ఉన్న ఆమె. సీసా మీద తేదీ చూసి, తొమ్మిదేళ్ల గింజలు మొలవడం కష్టమని కూడా అంది.

“మా అమ్మ దాచినవండీ. ఆవిడ పోయి ఏడాదైంది. ఇవి బతికున్నాయో లేదో తెలిస్తే చాలు.”

ఆమె తడి కాగితం పరిచి, గింజలు పేర్చి, చాపలా చుట్టింది. ఎనిమిదో రోజున రమ్మంది.

అతను మర్నాడే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. బడి దారిలోనేనన్నాడు గానీ, బడి ఊరికి ఆ చివర. మాటిమాటికీ విప్పితే కాగితం ఆరిపోతుందని ఆమె కోప్పడింది. పిల్లలు పరీక్ష రాస్తుండగానే పేపర్లు లాక్కుని దిద్దుతారా అని అడిగింది. అతను బెంచీ మీద కూర్చుని, కాగితపు చుట్టను చూస్తున్నట్టు నటిస్తూ ఆమెను చూశాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు నటించడంలో ఆమె అతనికంటే మెరుగు.

పరీక్షశాల పెద్ద ఆమె బాబాయే. ఎనిమిదో రోజున చుట్ట ఆయనే విప్పాడు. అయిదు మొలకలు. సంతోషించాల్సిన ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు. బాబాయి కళ్లజోడు సర్దుకుని మళ్లీ లెక్కపెట్టాడు.

“ఇరవై పెట్టానన్నావు. ఇరవై అయిదున్నాయి. కాగితంలో పిల్లల్ని పెట్టాయా, అమ్మాయ్?”

మూడు కొత్త గింజలు తాను కలిపానని ఆమె ఒప్పుకుంది. మాస్టారు చిన్నబోతే చూడలేననిపించిందట. మిగతా రెండూ తనవేనన్నాడు మాస్టారు. ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు దూర్చాడట.

“మీ అమ్మగారి గింజల్లో మీరే కల్తీ చేశారా?” ఆమెకు నిజంగానే కోపమొచ్చింది.

“ఒక్కటీ మొలవకపోతే ఇవాళ్టితో ఫైలు మూసేస్తారు. రేపు ఏమని రాను?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

దొంగ మొలకలు తీసేశాక ఇరవై మిగిలాయి. పదహారు నొక్కగానే చితికాయి. నాలుగు మాత్రం రాళ్లలా ఉన్నాయి. ఇవి చావలేదు, తొక్క మొండిదై నీళ్లు పీల్చలేదంతే అన్నాడు బాబాయి. గరుకు కాగితం ఇచ్చి తొక్క గీకమన్నాడు. చెరో రెండు గీకారు, భుజాలు తగలకుండా జాగ్రత్తపడుతూ, తగిలాక జరగకుండా.

ఈసారి చుట్టను బాబాయే కవర్లో పెట్టి, అంటించిన చోట సంతకం చేశాడు. ఇద్దరి మీదా తనకు నమ్మకం లేదన్నాడు.

ఆరు రోజులకు తెరిస్తే మూడు కుళ్లిపోయాయి. నాలుగోదానికి తెల్లటి వేరు వచ్చింది. సంతకం చెదరలేదు.

మాస్టారు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అది జారిపడకుండా ఆమె తన చేయి కింద ఆన్చింది.

అతనిది మేడ మీద అద్దె గది, పిడికెడు మట్టి లేదు. తమ పెరట్లో నాటుకోమంది ఆమె. నీళ్లు మాత్రం తాను పోయదట, రోజూ అతనే వచ్చి పోసుకోవాలట.

“రోజూ ఎందుకొస్తున్నాడని మీ నాన్న అడిగితే?” అన్నాడు బాబాయి.

“చిక్కుడు పాదు కోసమని చెప్పు, బాబాయ్.”

“నమ్ముతాడంటావా?”

“నమ్మకపోతేనే మంచిది,” అందామె.