జాకీలెక్కిన ఊరు

"డోర్ నంబర్ చెప్పండి," అన్నారు డాక్టర్ వనమాలి.

"పద్నాలుగు, రెండు, అరవై ఒకటి," అన్నాడు టైలర్ కాసిం.

చిలకలేరు మున్సిపల్ హాల్లో గోడంత తెర మీద కాసిం ఇల్లు ప్రత్యక్షమైంది. ఇప్పటి ఇల్లు కాదు, పదేళ్ల తర్వాతి ఇల్లు.

వనమాలి తయారుచేసిన ఆ యంత్రం పేరు రేపటిదర్శిని. జోస్యం చెప్పదు. ఊళ్లో ప్రతి గడప ఎత్తు, ప్రతి కాలువ లోతు, నేల వాలు, వందేళ్ల వానల డేటా దాని మెమరీలో ఉన్నాయి. మేయర్ అభ్యర్థి మేనిఫెస్టోను ఎక్కిస్తే, ఆ పనులన్నీ అయ్యాక ఊరి మీద వేల వానలు కురిపించి చూస్తుంది. ఎక్కువసార్లు ఏం జరిగిందో అది తెర మీద పెడుతుంది. నాయకులు అబద్ధాలాడుతున్నారని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, ప్రతి మేనిఫెస్టోనూ ముందు ఈ యంత్రానికి చూపించాలని చట్టం తెచ్చారు.

ఆ పూట తెర మీద నడుస్తున్నది గుర్రం సువార్త మేనిఫెస్టో. ఆవిడ అదే మున్సిపాలిటీలో ఇరవై రెండేళ్లు డ్రైనేజీ ఇంజనీరు. కాలువ తవ్వండి మహాప్రభో అని ఫైలు మీద ఫైలు పెట్టి, విసుగెత్తి, ఉద్యోగం వదిలి పోటీకి దిగింది. ఆవిడ ప్రాధాన్యాలు మూడే. బస్టాండు నుంచి ఏటిదాకా పెద్ద కాలువ. కాలువ మీదికి కట్టుకున్న మెట్లూ అరుగులూ తీసేయడం. ఏటి ఒడ్డున చెత్త పోయడం ఆపడం. రైల్వే గేటు అవతల పల్లపుపేటలో నూట నలభై మట్టిగోడల ఇళ్లున్నాయి. ఊరి వాననీళ్లన్నీ చివరికి చేరేది అక్కడికే. సువార్త పుట్టిందీ అక్కడే.

కాసిం తెరను తేరిపార చూశాడు. "ఇందులో కొత్తేముంది మేడం? నా ఇల్లు ఇప్పుడున్నట్టే ఉంది."

"అది వానాకాలం కాసిం," అంది సువార్త. "నీ వాకిట్లో నీళ్లున్నాయా?"

"లేవు."

"అదేనయ్యా కొత్త!"

"లేనిదాన్ని చూపించి ఓటడిగితే ఎట్లా మేడం?"

హాలంతా నవ్వింది. సువార్తకు ఒళ్లు మండింది. "డాక్టరు గారూ, ఆ కొండబాబు మేనిఫెస్టో ఎక్కించండి. అదీ చూద్దాం."

కొండబాబు ఆవిడ మీద పోటీ చేస్తున్నవాడు. ఆయన ప్రాధాన్యాలు క్లాక్ టవరు, ఏసీ బస్ షెల్టరు, ఊరి పేరు రాసిన రంగుల లైట్లు. తెర మీద టవరు లేవగానే ఈలలు పడ్డాయి. తర్వాత వాన పడింది. కాసిం ఇంట్లో మూడడుగుల నాలుగంగుళాల నీళ్లు. కుట్టుమిషను మునిగింది, ఫ్రిజ్ తేలింది.

ఈలలు ఆగిపోయాయి. ఒక్కొక్కరే లేచి తమ డోర్ నంబర్ చెప్పి, నీళ్లు ఎంతెత్తు వస్తాయో అరచేతి మీద రాసుకుని వెళ్లారు. ఆ రోజు సువార్త తను గెలిచేశాననుకుంది. పిచ్చి మనిషి!

వారం తిరక్కుండా వీధుల్లో జాకీలు దిగాయి. ఇంటి పునాది చుట్టూ తవ్వి, గోడల కింద రెండు వందల ఇనప జాకీలు పెట్టి, కూలీలంతా ఒక్కసారిగా తిప్పుతుంటే ఇల్లు అంగుళం అంగుళం పైకి లేస్తుంది. కింద ఖాళీలో ఇటుకలు కట్టి మట్టి నింపుతారు. పక్కింటివాడు నాలుగడుగులు లేపితే ఇవతలివాడు నాలుగున్నర. అంతెత్తుకు బైకు ఎక్కాలి కదా, అందుకని రోడ్డు సగందాకా సిమెంటు ర్యాంపులు. ఉన్న కాస్త కాలువా వాటి కింద పూడిపోయింది.

ప్రచారానికి వెళ్తే సువార్త మెడ పైకెత్తి మాట్లాడాల్సి వచ్చింది.

"నాలుగడుగులు లేపేశాం మేడం," అన్నాడు కాసిం పైనుంచి. "ఇంక కాలువ మాకెందుకు? పైగా మీరొస్తే ఈ ర్యాంపు పగలగొడతారంట."

"నీ ఇంట్లోకి రాని నీళ్లు ఎక్కడికి పోతాయయ్యా?"

"పల్లానికి."

"పల్లంలో మనుషులున్నారు!"

"వాళ్లనీ లేపుకోమనండి. వద్దన్నామా?"

సువార్త తిన్నగా వనమాలి దగ్గరికి వెళ్లింది. లేచిన ఇళ్లు, కొత్త ర్యాంపులు అన్నీ ఎక్కించి మళ్లీ వాన కురిపించమంది. ఈసారి కాసిం వీధిలో ఐదడుగుల ఎనిమిదంగుళాలు. పల్లపుపేటలో ఇంటి పైపెంకులు తప్ప ఏమీ కనపడలేదు.

"మొన్న మూడడుగులే అంది కదండీ మీ యంత్రం?"

"మొన్నటికి అది నిజమేనమ్మా," అన్నారు ఆయన తల దించుకుని. "వానను లెక్కేశాను, మట్టిని లెక్కేశాను. చూసినవాడు ఇంటికెళ్లి ఏం చేస్తాడో లెక్కేయలేదు."

"అంత చదువూ చదివి, మనిషిని వదిలేశారా?"

ఆవిడ ఆటోకి మైకు కట్టించుకుని వీధివీధినా తిరిగింది. ఐదడుగుల ఎనిమిది, ఐదడుగుల ఎనిమిది అని గొంతు పోయేదాకా అరిచింది. జనం విన్నారు. నమ్మారు కూడా. సాయంత్రానికి జాకీల మేస్త్రి ఇంటి ముందు క్యూ కట్టారు. కొండబాబు తన మేనిఫెస్టోలో క్లాక్ టవరు కొట్టేసి, ఆ చోట ఒకే ముక్క రాయించాడు: ఇంటింటికీ ఉచితంగా జాకీలు.

గెలిచాడు. పల్లపుపేటలో మూడు వందల పైచిలుకు ఓట్లుంటే సువార్తకు పడినవి పంతొమ్మిది.

ఆషాఢం మొదట్లో, ఊళ్లో ఎవరూ కాలువ తవ్వకపోతే కనీసం పేట చుట్టూ కందకమైనా తవ్విద్దామని సువార్త అక్కడికి వెళ్లింది. గుమ్మం గుమ్మానికీ కొత్త మేయరు బొమ్మ అతికించిన నాలుగేసి జాకీలు. మరియమ్మ పరుగున ఎదురొచ్చింది. సువార్తకు పెద్దమ్మ వరస.

"సమయానికొచ్చావే అమ్మా! ఇంజనీరువి కదా, ఇయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పు."

సువార్త గోడను గోటితో గీరింది. గుప్పెడు మట్టి రాలింది.

"పునాది ఉన్న ఇంటికే జాకీ పెద్దమ్మా. నీ ఇంటికి పునాదే లేదు. తిప్పావంటే జాకీ గోడలోకి దిగుతుంది, కప్పు నీ నెత్తిన పడుతుంది."

మరియమ్మ గోడ వంక చూసింది, జాకీల వంక చూసింది, చివరికి కోపంగా సువార్త వంక చూసింది.

"లేవదంటే ఎట్టాగే? ఏలి మీద సిరా కూడా పోలా, ఓటేశాం కదా!"