ఊఁ కొట్టే మనిషి

పాత పుస్తకాల పిచ్చి అని నవ్వేవాళ్లు నవ్వనీండి. ఆదివారం పొద్దున్నే కోయంబత్తూరు పెరియకడై వీధి వెనక, పాత కాగితాల కొట్లో గొంతుక్కూర్చుని, తమిళ పంచాంగాలూ ఇంగ్లీషు లెక్కల పుస్తకాలూ ఒక్కొక్కటే పక్కకు తీస్తుంటే, అడుగున ఎక్కడో గుండ్రటి అక్షరం ఒకటి కనిపిస్తుంది చూడండి... ఆ సుఖం మిల్లు బోనసులో కూడా లేదు.

మా పీళమేడు మిల్లు లైన్లలో తెలుగు మాట్లాడని ఇల్లు అరుదు. చదవగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. మా తాత వీపు మీద నాలుగు తగిలించి మరీ నేర్పాడు. కొట్టు యజమాని తిరువేంగడం ఇంట్లోనూ తెలుగే. అయినా పుస్తకం తలకిందులుగా పట్టుకుని, "ఏమి తిరుమలసామీ, నీ జిలేబీ వచ్చింది, ఎత్తుకొని పో" అంటాడు.

ఐప్పసి నెల వానల్లో అలా దొరికిందే ఆ పుస్తకం. అట్ట లేదు, పేరు లేదు. చివరి పేజీలు ఎవరో చించేశారు. వేరుశెనక్కాయలు పొట్లం కట్టి ఉంటారు, పాపిష్టివాళ్లు! ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పాత కాగితం వాసనలో ఆరని తడిబట్ట వాసన కలిసి ఉంది. వానాకాలం కదా అనుకున్నాను.

నాది రాత్రి షిఫ్టు. పగటి నిద్ర కోసం కిటికీకి గోనెపట్టా కట్టి ఉంచుతాను కాబట్టి మధ్యాహ్నం కూడా నా గదిలో చీకటే. లైన్ అంతా పనికి పోయాక, దూరంగా మిల్లు హోరు తప్ప ఇంకేమీ వినిపించదు. అప్పుడు బుడ్డిదీపం వెలిగించుకుని చదువుకుంటాను. నా పెళ్లాం పాంచాలి ఉన్నప్పుడు పైకి చదివేవాణ్ణి. తను తలుపు పక్కన కూర్చుని ఊఁ కొట్టేది. ఊఁ కొట్టే మనిషి లేకపోతే కథ గోడకు చెప్పినట్టే. తను ఆయాసంతో పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ గోడకే చదివాను.

పడవెక్కి వ్యాపారానికి పోయిన మొగుడి కోసం కాచుకున్న ఒక ఆడదాని కథ అది. ఒకచోట ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను.

"ఊఁ."

తలుపు పక్క నుంచి. మెల్లగా.

భయం వేయలేదండీ. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఊఁ అన్న ఒక్క శబ్దంలో మనిషిని పోల్చుకోవడం కష్టమే. కానీ నాకు పాంచాలి తప్ప ఊఁ కొట్టేవాళ్లు ఇంకెవరున్నారు? ఆకలి రుచి ఎరగదంటారే, అలాగే ఉండింది నా పని. చూస్తే పోతుందేమోనని అటు తల తిప్పకుండానే చదివాను. ఆగిన చోటల్లా ఊఁ... ఊఁ...

ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెమే చదివాను. పుస్తకం అయిపోతే తను మళ్లీ పోతుంది. అదొక్కటే నా దిగులు. తడిబట్ట వాసన రోజురోజుకీ ఎక్కువైంది. నేను పట్టించుకోలేదు.

దాచుకున్నా ఆఖరి పేజీ రానే వచ్చింది. వాక్యం మధ్యలో తెగిపోయింది. ఆగిపోయాను.

"ఊఁ... ఆమీట?"

ఆమీట ఏముందో నాకేం తెలుసు? అయినా తనను పోనివ్వకూడదు. నోటికొచ్చింది అల్లాను. "ఆమీట... పడవ తిరిగి వచ్చింది. మొగుడు గట్టున దిగి, పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచి..."

"అట్ల కాదు."

నా వేలు తెగిన వాక్యం మీదే ఉంది.

"వాడు రాలేదు. ఆమే పోయింది... వాణ్ణి పిలుచుకొని వచ్చేదానికి."

పుస్తకం నేను కొన్నది మొన్న మొన్న. పాంచాలి ఈ కథ ఎన్నడూ వినలేదు. విననిదాని చివర ఎట్లా తెలుసు? మరి ఇన్నాళ్లూ... నా తలుపు పక్కన కూర్చున్నది... ఎవరు?

పుస్తకం పడేశాను. కళ్లు మూసుకుని, అవతలి గోడకు ఒరుసుకుంటూ తలుపు దాకా వచ్చాను. కాళ్ల కింద నేల తడిగా తగిలింది. బయటపడి తలుపు లాగి గడియ పెట్టాను.

వాన అప్పుడే వెలిసింది. జ్వరమని ఆ రోజు పనికి పోని పక్కింటి చిన్నమ్మాళ్ బిందెతో వస్తూ నా వాకిట్లో ఆగింది. నన్ను చూసింది. తలుపును చూసింది.

"నువ్వు ఇక్కడుండావే అన్నా," అంది గొంతు తగ్గించి. "మరి లోపల చదివేది ఎవరు?"

విన్నాను. మూసిన తలుపు వెనక ఆడగొంతు ఒకటి చదువుతోంది. ఎక్కడా తడబడకుండా... వాక్యం తెగిన చోటి నుంచి... నా దగ్గర లేని పేజీలు.

ఒకచోట ఆగింది.

"ఊఁ," అన్నారు ఇంకెవరో.

ఈసారి పోల్చుకోవడానికి నేనేమీ కష్టపడలేదు. ఇరవై ఏళ్లు విన్న ఊఁ. నా పాంచాలిదే.

"కొంచెం నిలుపక్కా," అంది పాంచాలి లోపల నుంచి. "మామ వాకిట్లో నిలబడి ఉండాడు. వచ్చి కూచోనీ."

చిన్నమ్మాళ్ బిందె వదిలేసి, రెండు చేతులా నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దన్నా... అన్నా, వద్దు..."

నేను ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తున్నాను.