అమ్మ ఓటు

"మీ చెల్లెలికి అడిగినవాటన్నిటికీ జవాబులు వచ్చండీ. అందుకే ఇప్పుడే చేర్చుకోలేను."

లెక్చరర్ ఆ మాట మెల్లగానే అన్నాడు. అయినా కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్న అక్కకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"అంటే జవాబులు రానివాళ్ళనే చేర్చుకుంటారా?"

"అది కాదండీ..."

"మరేదండీ? బడి గడప తొక్కని పిల్ల, ఇంట్లో అక్క దగ్గర చదువుకున్న పిల్ల. అదేగా మీ బాధ?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పక్క ఊరి కాలేజీలో అతను చెప్పేది అడ్వాన్స్‌డ్ గవర్నమెంట్ కోర్సు. చట్టం ఎలా పుడుతుంది, ఓటు ఎలా లెక్కకొస్తుంది, కోర్టు ఎవరి మాట వింటుంది, ఇవన్నీ. చేరేవాళ్ళంతా చెల్లెలికంటే పెద్దవాళ్ళు. హాస్టల్లో ఉండాలి. చిన్నవాళ్ళెవరైనా వస్తే తయారుగా ఉన్నారో లేదో మాట్లాడి చూసి తేల్చే పని అతనిది. అందుకోసం వేసవి శనివారాల్లో ఈ ఊరి లైబ్రరీలో కూర్చుంటాడు.

"పదహారేళ్ళకే ఓటు హక్కు ఇవ్వాలంది మీ చెల్లెలు. చాలా బాగా చెప్పింది. సరే, ఎందుకు ఇవ్వకూడదో కూడా నువ్వే చెప్పమన్నాను. 'తప్పుని నేనెలా చెప్తాను సార్' అంది. ఎదుటివాడి మాట వాడికంటే బాగా చెప్పగలిగితేనే ఈ చదువులో నిలబడతారు. ఇంట్లో ఈ అమ్మాయితో వాదనకి దిగేదెవరు?"

"నేనే."

"ఎప్పుడైనా ఓడించారా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. తల్లిలేని పిల్లని ఎవరైనా ఓడిస్తారా?

"వానలు పడేదాకా ప్రతి శనివారం తీసుకురండి. అప్పుడు చెప్తాను, ఇంటిబడి హెడ్మాస్టర్ గారూ!"

వరండాలో చెల్లెలు గోళ్ళు కొరుకుతూ నిలబడి ఉంది. "ఏమన్నాడే?"

"నీకు అన్నీ వచ్చట. అదే నీ రోగమట."

*

చెల్లెలికి పసితనంలో ఆయాసం. బడి ఈడు వచ్చినా మంచం మీదే ఎక్కువ ఉండేది. అందుకని అమ్మ ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. అమ్మ పోయాక ఆ పని అక్క మీద పడింది. స్కూలు యూనిఫారాలు కుట్టే అక్క, మిషను తొక్కుతూనే పాఠం చెప్పేది. ఊళ్ళో సగం మంది పిల్లల ఒంటి మీద అక్క కుట్లే. చెల్లెలికి మాత్రం ఒక్క యూనిఫారమూ కుట్టే అవసరం రాలేదు.

ప్రభుత్వం అంటే ఏమిటో అమ్మ చెప్పిన పద్ధతి వేరు. "పుస్తకంలో ఏముందే, పార్లమెంటు మన భోజనాల బల్ల దగ్గరుంది" అనేది. వంటింటి గోడకి ఏ రంగు వేయాలన్న దగ్గర్నుంచి ప్రతిదానికీ ఓటే. సగం సగం వస్తే ఉన్నది ఉన్నట్టే ఉండాలని రూలు.

అమ్మ పోయాక మొదటిసారి బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు, ఆ ఖాళీ కుర్చీ చూసి నాన్న ఓటు అడగలేకపోయాడు. అప్పుడు అక్క కుడి చెయ్యెత్తింది. కాసేపాగి ఎడమ చెయ్యి కూడా ఎత్తి, "ఇది అమ్మది" అంది.

ఎవరూ కాదనలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, ఓట్లు నాలుగు.

*

శనివారాలు గడిచాయి. చెల్లెలు ముందు బెంచీలో లెక్చరర్‌తో వాదిస్తుంటే, అక్క వెనక బెంచీలో కూర్చుని లాగులకి అంచులు మడిచి కుట్టేది. మధ్యమధ్యలో తలెత్తేది. ఎప్పుడు తలెత్తినా అతని చూపు అప్పుడే పుస్తకంలోకి దిగుతుండేది.

"సార్, పాఠం ఈ వైపు," అనేది చెల్లెలు.

"తెలుసమ్మా. వెనక బెంచీ వాళ్ళు వింటున్నారో లేదో చూస్తున్నా."

"వెనక బెంచీ వాళ్ళకి సూది గుచ్చుకుంటోంది, కాస్త మీ పాఠం మీరు చెప్పుకోండి," అనేది అక్క తల వంచుకునే.

ఒకరోజు అతని గొడుగు చువ్వ దగ్గర గుడ్డ ఊడి వేలాడుతుంటే అక్క చూడలేక లాక్కుని కుట్టిపెట్టింది. నల్ల గొడుగుకి నీలం దారం. యూనిఫారాల దారం కదా, చేతిలో అదే ఉంది.

"రంగు కలవలేదేమోనండీ," అంది.

"కలవకపోవడమే మంచిది. ఎవరు కుట్టారో తెలుస్తుంది."

అక్క చెవులు ఎర్రబడ్డాయి. చెల్లెలు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తొలి వాన ఒక శనివారం మధ్యాహ్నమే దిగింది. చెల్లెలు పుస్తకాలు తిరిగివ్వడానికి లోపలికెళ్ళింది. వరండాలో ఒక్క గొడుగు కింద, జల్లు తగలకుండా జరిగి జరిగి, ఇద్దరూ గోడకి ఆనుకున్నారు.

"కోర్సు మొదలైతే నేనిక ఈ ఊరు రానండీ," అన్నాడు అతను.

"తెలుసు."

"మీరు... అక్కడికి వస్తే బాగుంటుందని..."

"హాస్టల్లో బట్టలు కుట్టడానికా?"

"కాదండీ. నాతో ఉండడానికి."

అక్క కొంగు చివర మెలిపెట్టి, విప్పి, మళ్ళీ మెలిపెట్టింది.

"మా ఇంట్లో ఓటు పెట్టాలి," అంది చివరికి. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నిజంగానే. ఏదైనా అంతే మా ఇంట్లో. నాలుగు ఓట్లు."

"నాలుగేమిటి? మీరు ముగ్గురే కదా?"

"అమ్మది ఉంది. నేను వేస్తాను."

అతను పాఠం చెప్పే మనిషి. రోజూ చెప్పే మాట నోటి చివరే ఉంటుంది. ఆలోచించకుండా అనేశాడు. "పోయినవాళ్ళ పేరు ఓటర్ల జాబితాలోంచి తీసేస్తారు కదండీ..."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే అక్క గొడుగు కిందినుంచి బయటికి నడిచింది. జోరువానలో, వెనక్కి చూడకుండా.

*

మర్నాడు పొద్దున్నే అతను ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు తీసింది నాన్న. బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత తోమినా గోళ్ళ కింద గ్రీజు పోదు.

"క్షమించమని అడగడానికొచ్చానండీ."

"ఎవర్ని? నన్నైతే క్షమించేశాను. మా పెద్దదాన్నైతే నువ్వే అడుక్కో నాయనా. రాత్రి అన్నం ముట్టలేదది." ఫ్రిజ్ పక్కనున్న స్టూలు చూపించాడు. "కూర్చో. సభ జరుగుతోంది. అది ప్రేక్షకుల గ్యాలరీ, మాట్లాడకూడదు."

అక్క అతని వైపు చూడలేదు. చెల్లెలు లేచి నిలబడింది. "నేను కోర్సుకి వెళ్ళాలి. ఇదీ ప్రతిపాదన. ఒప్పుకునేవాళ్ళు?"

చెల్లెలు చెయ్యెత్తింది. నాన్నా ఎత్తాడు.

"వద్దనేవాళ్ళు?"

అక్క రెండు చేతులూ ఎత్తింది. "ఇంకో ఏడాది ఆగుదాం. హాస్టల్లో దుమ్ము, నీకా ఆయాసం. అమ్మ ఉన్నా ఇదే అంటుంది."

రెండుకి రెండు. ఉన్నది ఉన్నట్టే.

చెల్లెలు కూర్చోలేదు. "అయితే ఇంకో ప్రతిపాదన. అమ్మ ఓటు తీసేయాలి."

నాన్న చేతిలో గ్లాసు బల్లకి తగిలి టక్కుమంది.

"నోర్ముయ్," అంది అక్క.

"సభలో అలా అనకూడదే. అమ్మ పెట్టిన రూలే అది." చెల్లెలు కన్నీళ్ళు తుడుచుకుంది, అయినా ఆగలేదు. "బట్టల షాపువాళ్ళు కటింగ్ నేర్పడానికి నిన్ను పిలిచారు. నేనూ నాన్నా వెళ్ళమన్నాం. నువ్వు వద్దన్నావు, అమ్మ వద్దంది. నీకో సంబంధం వచ్చినప్పుడు కనీసం వచ్చి చూసి వెళ్ళమందామన్నాం. అమ్మ వద్దంది. నీ కోసం పెట్టిన ప్రతి ఓటులోనూ అమ్మ వద్దనే అంది. మా అమ్మ అలాంటిది కాదు అక్కా. నీకు జ్వరమొస్తే తను నిద్రపోయేది కాదు. ఒక్కసారైనా నీ వైపు వేసేది."

అక్క ఎడమ చెయ్యి బల్ల మీద పడి ఉంది. దాన్నే చూస్తోంది, తనది కానట్టు.

"ఇంకొకటి కూడా చెప్పాలి," అంది చెల్లెలు. ఇప్పుడు కన్నీళ్ళు తుడుచుకోవడం మానేసింది. "దీనికి ఎదురు మాట. అది కూడా నేనే చెప్పాలి. ఆ ఓటు తీసేస్తే ఈ బల్ల దగ్గర అమ్మ ఉండదు. అక్క చెయ్యెత్తినప్పుడల్లా నాకు అమ్మ కనబడేది. గాజుల చప్పుడు కూడా అలాగే ఉండేది. రేపట్నుంచి ఆ కుర్చీ ఉత్త కుర్చీ అయిపోతుంది. అది నాకు అస్సలు ఇష్టం లేదు. అయినా అడుగుతున్నా. ఒప్పుకునేవాళ్ళు?"

తన చెయ్యి తనే ఎత్తింది. స్టూలు మీద లెక్చరర్ తల వంచుకున్నాడు.

నాన్న చెయ్యి సగం లేచి ఆగిపోయింది. "నా వల్ల కాదమ్మా. వద్దనను. కానీ ఎత్తలేను."

గోడ మీద నీలం రంగు చాలాచోట్ల పెచ్చులూడింది. వేరే రంగు వేయిద్దామని ఎన్నిసార్లు ఓటు పెట్టినా, అది అమ్మ ఎంచిన రంగు అని అక్క వద్దంది.

అక్క మెల్లగా ఎడమ చెయ్యి ఎత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి.

"అమ్మ ఒప్పుకుంది," అంది.

తర్వాత కుడి చెయ్యి ఎత్తింది. ఆ రెండు చేతులూ దించలేక, అలాగే ముఖానికి కప్పుకుని, అమ్మ పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. చెల్లెలు ఆమె తలని పొట్టకి హత్తుకుని నిలబడింది. వాళ్ళని చూడలేక నాన్న కుళాయి దగ్గరికెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

చాలాసేపటికి అక్క తలెత్తి, "ఇక కోర్సుకి రెండు, వద్దని ఒక్కటే," అని స్టూలు వైపు చూసింది. "ఏం సార్? తయారైనట్టేనా?"

"నిన్నటిదాకా నాకు సందేహం ఉండేదండీ." అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఇప్పుడు నా పాఠం సరిపోతుందా అని సందేహం."

"మరి ఈ అబ్బాయి అడిగిన మూడో ప్రతిపాదన..." అని నాన్న ఏదో అనబోయాడు.

"ఈ రోజు వద్దు నాన్నా. ఈ రోజు అమ్మది."

అతను లేచాడు. "నేను ఆగుతానండీ. ఎన్నాళ్ళైనా." గొడుగు గుమ్మం పక్కనే వదిలేసి వెళ్ళాడు.

*

చెల్లెలు వెళ్ళే రోజున బస్టాండులో చినుకులు. తోడు తీసుకెళ్ళడానికి లెక్చరరే వచ్చాడు. అక్క నీలం కుట్లున్న గొడుగు పట్టుకుని, చెల్లెలి సంచీలో ఆయాసం మందు ఎక్కడుందో మూడోసారి చెప్పింది.

"తెలుసే తల్లీ! ఇక దిగు, లేకపోతే నీకూ టిక్కెట్టు కొట్టేస్తారు."

ఇంజను మోగింది. నాన్న చప్పుడు విని, "బేరింగు పోయింది, చూపించుకో," అని డ్రైవరుకి చెప్పాడు. ఏడుపు రాకుండా ఉండాలంటే ఆయనకి అదొక్కటే మార్గం.

అక్క కిటికీ కిందికి వచ్చి గొడుగు అందించబోయింది. "మీది."

"మీరు వచ్చినప్పుడు తెండి," అన్నాడు బస్సులో చెల్లెలి పక్కన కూర్చున్న అతను.

చెల్లెలు కిటికీలోంచి సగం బయటికి వంగింది. "ఆగిపోయిన ప్రతిపాదన ఒకటుంది! ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!"

తనే ముందు ఎత్తింది. నాన్న గ్రీజు చెయ్యి ఎత్తాడు.

అక్క గొడుగు నాన్నకిచ్చి కుడి చెయ్యి ఎత్తింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి కూడా లేవబోయి, సగంలో ఆగింది. అలా ఆగిన చేతిని ఏం చేయాలో ఆమెకి తోచలేదు. అతను కిటికీలోంచి వంగి ఆ చేతిని పట్టుకున్నాడు.

బస్సు కదిలేదాకా వదల్లేదు.

బస్సు మలుపు తిరిగాక నాన్నా, పెద్దకూతురూ ఒకే గొడుగు కింద ఇంటికి నడిచారు. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర ఖాళీ కుర్చీలు రెండు. దేనికీ ఓటు పెట్టలేదు.